‘సహజకవి’ అనే మాట వెనుక: అందెశ్రీ పాట, పని, ఊరు

2025 నవంబరు 10న అందెశ్రీ కన్నుమూసిన తరువాత వెలువడిన నివాళి వ్యాసాలను దొరికినంత మేరకు చదివాను. ఎక్కువ వాటిలో ఒకే వరస కనిపించింది. బడి ముఖం చూడలేదు, పశువులు కాశాడు, తాపీ పట్టి గోడలు కట్టాడు, అయినా ఇంతటి కవి అయ్యాడు అని. కొందరు సహజకవి అన్నారు, కొందరు ఆశుకవి అన్నారు, ఇంకొందరు సరస్వతి నాలుక మీద కూర్చుందని రాశారు. రాసినవాళ్ళ ప్రేమను నేను శంకించడం లేదు. నా పేచీ ఆ ‘అయినా’ అనే మాటతో. శ్రమజీవి కవి కావడం ప్రకృతికి విరుద్ధమైన సంఘటన అన్నట్టు, దానికి దైవకృప తప్ప మరో వివరణ లేనట్టు ధ్వనిస్తుంది ఆ మాట. ఒక కవిని అద్భుతం అని ప్రకటించాక అతని కవిత్వాన్ని పరిశీలించే పని మనకు ఉండదు. దండం పెట్టి పక్కకు తప్పుకోవచ్చు. మన విమర్శ చాలాకాలంగా ఈ సౌకర్యాన్ని అనుభవిస్తున్నది.

పోల్చి చూడండి. దాశరథి కృష్ణమాచార్య 1925లో చిన్నగూడూరులో పుట్టాడు. ఆ ఊరు ఇప్పుడు మహబూబాబాద్ జిల్లాలో ఉంది. సంస్కృతం, ఉర్దూ, ఇంగ్లీషు చదివినవాడు. నిజాం జైలులో ఉన్నవాడు. ఆయన కవిత్వం మీద రాసేటప్పుడు మనం ఛందస్సు గురించి మాట్లాడతాం, గాలిబు ప్రభావం గురించి మాట్లాడతాం, ‘అగ్నిధార’లో పద్యానికీ గేయానికీ మధ్య ఆయన నడిచిన తీరు గురించి మాట్లాడతాం. అదే మనం, అక్కడికి ఎంతో దూరం లేని రేబర్తిలో 1961లో పుట్టిన అందె ఎల్లయ్య దగ్గరికి వచ్చేసరికి జీవితచరిత్ర చెప్పి ఊరుకుంటాం. చదువుకున్నవాడికి శిల్పం, చదువుకోనివాడికి పుట్టుక. ఇది అందెశ్రీకి జరిగిన గౌరవలోపం అన్నంతటితో ఆగిపోయే విషయం కాదు. చదువు ఎక్కడ దొరుకుతుంది, ఎవరికి దొరుకుతుంది అన్న ప్రశ్నలో మన విమర్శ ఏ వైపు నిలబడి ఉందో ఇది చెబుతుంది.

‘సహజ’ అన్న మాట ఆ నేలకు కొత్తది కాదు. బమ్మెర, పాలకుర్తి రెండూ నేటి జనగామ జిల్లాలోనివే. బమ్మెర పోతన భాగవతంలోని స్కంధాంత గద్యలలో తనను తాను సహజపాండిత్యుడని చెప్పుకున్నాడు. గురువు దగ్గర కూర్చుని నేర్చింది కాదు తన పాండిత్యమని ఆయన ఉద్దేశం. నాగలి పట్టి దున్నుకున్న కవి అని జనం చెప్పుకునే కథలు దానికి తోడయ్యాయి. అయితే ఆ మాట ఉన్నందువల్ల పోతన అంత్యప్రాసను గానీ, సీసపద్యపు నడకను గానీ పరిశీలించడం మన పండితులు మానలేదు కదా! పోతన విషయంలో ‘సహజ’ అన్నది పరిశీలనకు మొదలు. అందెశ్రీ విషయంలో అదే పరిశీలనకు ముగింపు అయింది. తేడా ఎక్కడ ఉందో విద్యార్థులు ఆలోచించాలి.

ఇప్పుడు పాటల దగ్గరికి వద్దాం. అందెశ్రీ పేరు చెప్పగానే అందరికీ గుర్తొచ్చేవి రెండు. ఒకటి మనిషి మాయమైపోతున్నాడని చెప్పే పాట, రెండోది తెలంగాణను తల్లిగా కీర్తించే పాట. ఈ రెంటినీ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసినవాళ్ళు తక్కువ. పెట్టి చూస్తే నిరక్షరకవి అన్న మాట నిలవదు.

మొదటి పాటలోని క్రియాపదమే తెలంగాణ పలుకుబడిలో ఉంది. ‘ఉన్నాడు’ కాదు, ‘ఉన్నడు’. దాని చివర ‘అమ్మా’ అనే సంబోధన. ఎవరా అమ్మ? పాటలో ఆమెకు పేరు లేదు. గడపలో కూర్చున్న ఏ ముసలమ్మకో, ఊళ్ళో జరిగిన నష్టాన్ని వచ్చి చెప్పుకున్నట్టు ఉంటుంది ఆ పిలుపు. రెండో పాటలో ఈ పలుకుబడి దాదాపు పూర్తిగా తప్పుకుంది. వైతాళికులు, ప్రణమిల్లడం, జాగృతి వంటి సంస్కృత పదాలు, ఒకే అక్షరంతో మొదలయ్యే మాటల వరసలు, తూచినట్టు సాగే పాదాలు. మార్చింగ్ పాటకు కావలసిన నడక. ఏ విశ్వవిద్యాలయం పట్టభద్రుడైనా ఇంత సంస్కృతాన్ని ఇంత సులువుగా జనం నోటికి ఎక్కించగలడా అని నాకు అనుమానం. అంటే ఒకే కవి చేతిలో రెండు భాషలున్నాయి, ఏది ఎక్కడ వాడాలో తెలిసిన వివేకం ఉంది. ఇది సహజంగా వచ్చేది కాదు, నేర్చుకోవాలి. ఎక్కడ నేర్చుకున్నాడు?

జనగామ ప్రాంతపు పల్లెల్లో అక్షరం రాని పిల్లవాడికి బడులు లేకపోలేదు. అవి నల్లబల్ల ఉన్న బడులు కావు, అంతే తేడా. రాత్రుళ్ళు ఆడే చిరుతల రామాయణం, యక్షగానం, భజన మండళ్ళు, బ్రహ్మంగారి తత్వాలు, బైండ్లవాళ్ళ పాటలు, ఒగ్గుకథ. దేశమంతా పేరు మోసిన ఒగ్గుకథకుడు చుక్క సత్తయ్య మాణిక్యాపురం వాడు, అదీ ఈ ప్రాంతమే. ఒక ఒగ్గుకథ తెల్లవార్లూ నడుస్తుంది. అందులో వచనం ఎక్కడ ఆపాలి, పాట ఎక్కడ ఎత్తుకోవాలి, వంత ఎన్నిసార్లు తిరగాలి, వినేవాడి కన్ను మూతపడే వేళకు ఏ హాస్యం వేయాలి అన్న లెక్కలన్నీ ఉంటాయి. యక్షగానంలో పశులకాపరి పిల్లవాడు కూడా సీసాలు, కందాలు, ద్విపదలు వింటాడు. అర్థం తెలియక ముందే వాటి నడక వాడి చెవిలో స్థిరపడుతుంది. పోతన పద్యం చదవడం రాని నోళ్ళలో కూడా ఆరు వందల ఏళ్ళుగా బతికి ఉన్నదంటే ఈ బడి వల్లనే. ఎదిగిన తరువాత అందెశ్రీని శంకర్ మహరాజ్ అనే స్వామి చేరదీశాడు. ఆ సాంగత్యం వల్ల వేదాంత పరిభాష, సంస్కృత పదసంపద అతనికి దగ్గరయ్యాయని అనుకోవచ్చు. అందెశ్రీ చదువుకోనివాడు కాదు. మనం చదువు అని ఒప్పుకోని చదువు చదువుకున్నవాడు.

ఇంతవరకు నా వాదన మరో పక్షం వారితో. ఇక మన పక్షంతోనూ ఒక మాట మాట్లాడవలసి ఉంది.

అభ్యుదయ విమర్శకుల్లో కొందరికి ఒక అలవాటు ఉంది. కవి కూలివాడైతే పాటలో గడ్డపార కనిపించాలి, మేస్త్రీ అయితే ఇటుక కనిపించాలి అని అడుగుతారు. అవి కనిపించకపోతే తన వర్గాన్ని మరిచిపోయాడని తీర్పు చెబుతారు. అందెశ్రీ మీద గుసగుసగానైనా ఈ మాట వినిపించింది. శ్రమజీవి తన శ్రమను వర్ణించి తీరాలన్న నియమం శ్రమజీవులు పెట్టింది కాదు. పగలంతా ఎండలో గోడ కట్టినవాడు రాత్రి పాడుకునేటప్పుడు మళ్ళీ గోడనే పాడుకోవాలా? నక్షత్రాల గురించి పాడుకునే హక్కు డాబా మీద పడుకున్న ఇంటి యజమానికి ఉండి, ఆ డాబా వేసినవాడికి ఉండదా?

ఇక్కడ మహబూబాబాద్ వైపు చూడటం అవసరం. జయరాజు గుమ్మనూరు బిడ్డ, సింగరేణి సంస్థలో కార్మికుడిగా పనిచేసినవాడు, 2023లో కాళోజీ పురస్కారం అందుకున్నాడు. ఆయన పాటల్లో జనం నోట ఎక్కువగా నానింది వానను అమ్మా అని పిలిచే పాట. బొగ్గు కార్మికుడు వానను పాడటమేమిటి అని పై నియమం ప్రకారం అడగాలి. కానీ సింగరేణి చరిత్ర తెలిసినవాడు అలా అడగడు. 1889లో ఇల్లెందులో బొగ్గు తవ్వకం మొదలైన నాటి నుంచి ఆ గనుల్లోకి దిగినవాళ్ళలో చాలామంది చుట్టుపక్కల పల్లెల వాళ్ళు. వాన పడి, చెరువు నిండి, రెండెకరాలు పండితే ఊరు విడిచి రావలసిన అవసరం ఎందరికో ఉండేది కాదు. కాబట్టి గని కార్మికుడి నోట వానపాట ప్రకృతి వర్ణన కాదు. తాను కార్మికుడు కావడానికి కారణమైన దాన్ని అతను పేరుపెట్టి పిలుస్తున్నాడు. ఊరి జ్ఞాపకం ఇక్కడ ఊరట కోసం వచ్చింది కాదు. ఊళ్ళో ఎందుకు లేనన్న ప్రశ్న ఆ పాట కింద ఉంది. వానను చుట్టాన్ని పిలిచినట్టు పిలవడంలోనే, రాని చుట్టం మీద ఉండే నిష్ఠూరం కూడా వినిపిస్తుంది.

ఈ తర్కాన్ని భూపాలపల్లికి తీసుకుపోతే మరింత స్పష్టమవుతుంది. భూపాలపల్లి ఇవాళ జిల్లా కేంద్రం. ఆ పట్టణం పెరిగింది గనుల మీద. కాకతీయ ఖని అని నెంబర్లతో పిలిచే గనులు, చెల్పూరు దగ్గర థర్మల్ కేంద్రం, కార్మికుల క్వార్టర్లు. అక్కడ పనిచేసేవారిలో ఎందరినో మీది ఏ ఊరని అడిగితే భూపాలపల్లి అనరు, మరో ఊరి పేరు చెబుతారు. పండుగకు అక్కడికే పోతారు. పాట అక్కడిదే పాడతారు. షిఫ్టు సైరను ప్రకారం నడిచే జీవితంలో బతుకమ్మ పాట, బోనాల పాట వారికి ఊరినుంచి మోసుకొచ్చిన సామాను వంటివి. కార్మికవర్గ సాహిత్యం అంటే సైరను గురించి రాసింది మాత్రమే అనుకుంటే ఈ సామానంతా మన లెక్కలోకి రాకుండా పోతుంది.

కాబట్టి అందెశ్రీ పాటలో తాపీ లేదని నేను ఫిర్యాదు చేయను. నా ఫిర్యాదు వేరే చోట ఉంది.

మనిషి మాయమైపోతున్నాడన్న పాటను దగ్గరగా చూడండి. మానవత్వం ఉన్నవాడు మచ్చుకైనా దొరకడం లేదన్న ఆవేదనతో పాట మొదలవుతుంది. ఎందుకు మాయమవుతున్నాడు? స్వార్థం వల్ల, దురాశ వల్ల, అవినీతి వల్ల అంటుంది పాట. ఇవన్నీ మనిషిలోని గుణాలు. ఈ చూపు తత్వాల నుంచి వచ్చింది. తత్వం నరుణ్ణి నిలబెట్టి నిందిస్తుంది, వాడి కళ్ళు తెరిపించాలని చూస్తుంది. నరుడు ఏ భూమి సంబంధాల్లో, ఏ కూలి సంబంధాల్లో బతుకుతున్నాడని అడగదు. అడిగే సాధనం దానికి లేదు. స్వార్థం ఎక్కడినుంచి వచ్చింది, అది కొందరికి లాభంగా, కొందరికి శిక్షగా ఎందుకు పరిణమించింది అన్న దాకా పాట పోలేదు. అందుకే ఆ పాటను కూలివాడూ పాడుకున్నాడు, కాంట్రాక్టరూ చప్పట్లు కొట్టాడు. మాయమైపోతున్న మనిషి తాను కాదు, పక్కవాడు అని ప్రతివాడూ అనుకునే వీలు అందులో ఉంది. ఆర్. నారాయణమూర్తి ‘ఎర్ర సముద్రం’ (2008) సినిమాలో ఆ పాటను పెట్టినప్పుడు, ఆ సినిమాకు వచ్చే ప్రేక్షకుడు పాటలో లేని కారణాన్ని కథలోంచి తెచ్చి తనే పూరించుకున్నాడు. అది సినిమా చేసిన పని. పాట ఒంటరిగా చేసింది కాదు.

అయితే ఈ పాట మీద తీర్పు ఇంతటితో ముగించడం అన్యాయం. ఒక చరణం ఉంది. చీమలకు ఆహారం వేసి, పాముకు పాలు పోసి, జంతువుల్లో దైవాన్ని చూసి మొక్కే మనిషి, తన తోడబుట్టినవాళ్ళనే ఊరి బయటికి నెట్టి కులం గీత గీస్తున్నాడని చెప్పే చరణం. ఇక్కడ ‘మనిషి’ అన్న మాట అమూర్తంగా మిగలదు. వాడికి ఊరుంది, వాడి ఊరికి వాడ ఉంది, ఆ రెంటి మధ్య దూరం ఉంది. భూతదయ అని మనం గర్వించే దాన్నీ అంటరానితనాన్నీ ఒకే గుక్కలో చెప్పడం వల్ల మొదటిది రెండోదానికి సాక్ష్యంగా మారిపోతుంది. తత్వకవి ఆగిపోయిన చోట నుంచి అందెశ్రీ ఒక అడుగు ముందుకు వేశాడు. ఆ అడుగు వేయించింది రేబర్తి అని నేను అనుకుంటున్నాను. ఊరి నడుమ నిలబడి చూసేవాడికి పాముకు పోసే పాలు కనిపిస్తాయి, ఊరి అంచున నిలబడినవాడికి ఆ పాలతోపాటు గీత కూడా కనిపిస్తుంది. ఊరి జ్ఞాపకం కవిత్వంలో చేయగల పని ఇదే. ఊరి పేరు చెప్పనవసరం లేదు, చెట్లనూ వాగులనూ ఏకరువు పెట్టనవసరం లేదు. ఏ వైపు నుంచి చూస్తున్నాడన్నది తెలిస్తే చాలు. మన విమర్శకులు ఈ పాటను ఎత్తుకున్నప్పుడల్లా పల్లవినే ఎత్తుకున్నారు. నన్ను అడిగితే పాటకు గుండెకాయ ఈ చరణం.

ఇక తెలంగాణ పాట. ఉద్యమకాలంలో వేలాది సభల్లో మోగిన ఈ పాట, రాష్ట్రం వచ్చిన పదేళ్ళకు, 2024 జూన్ 2న కీరవాణి సంగీతంతో అధికారికంగా రాష్ట్ర గీతమైంది. దాని చారిత్రక పాత్రను కాదనడానికి ఎవరికీ నోరు రాదు. నాకూ రాదు. కానీ రాష్ట్ర గీతం అయినంత మాత్రాన విమర్శకు అతీతం కాదు. ఆ పాట పోతనను తలుచుకుంటుంది, రుద్రమను, కొమురం భీమ్‌ను తలుచుకుంటుంది, రామప్పను, చార్మినారును చూపిస్తుంది. సింగరేణిని బంగారంగా, ఖనిజాలను తల్లి ఒంటి అలంకారంగా భావిస్తుంది. నాకు అడ్డుపడేది ఇక్కడే. బొగ్గు ఉంది, తవ్వినవాడు లేడు. రామప్ప కాంతి ఉంది, రాయి మోసినవాడు లేడు. గోడ కట్టడం అంటే ఏమిటో చేతులకు తెలిసిన కవి రామప్పను చూసినప్పుడు తన తోటి పనివాణ్ణి ఎందుకు చూడలేదు? కూలివాడు తన పనిని వర్ణించాలని అడగకూడదని పైన నేనే అన్నాను. ఇప్పుడు అడుగుతున్నది అది కాదు. పని ఫలితాన్ని పేరుపెట్టి కీర్తించి, పనివాణ్ణి వదిలేయడం వేరు. ఎత్తుకోని విషయానికి కవిని నిలదీయకూడదు గానీ, ఎత్తుకుని సగంలో దించిన దానికి నిలదీయవచ్చు.

స్తుతిగీతం లక్షణమే అంత, అందులో జాతి వైభవమే ఉంటుంది గానీ కూలి రేట్లుండవు అని కొందరు సమాధానం చెబుతారు. ఆ సమాధానానికి జవాబు కూడా జనగామ నేలలోనే ఉంది. పాలకుర్తి వాడని మనం చెప్పుకునే సోమనాథుడు బసవపురాణం రాశాడు. అది కూడా స్తుతి కావ్యమే. అందులో స్తుతికి అర్హులైనవాళ్ళెవరు? చాకలి మడివాలు మాచయ్య, కుమ్మరి గుండయ్య, మాదర చెన్నయ్య, వేటగాడు కన్నప్ప. వారి వృత్తులు వారి పేర్ల ముందే ఉన్నాయి. వాళ్ళ భక్తి వాళ్ళ పనిలోంచే వ్యక్తమవుతుంది. సోమన సంస్కృత వృత్తాలను పక్కనపెట్టి ద్విపదను పట్టుకున్నాడన్నది అందరూ చెప్పేదే. ఆ ద్విపదలో ఎవరిని కూర్చోబెట్టాడన్నది అంతకంటే ముఖ్యం. దాదాపు ఏడు శతాబ్దాల క్రితం స్తోత్రంలోకి చాకలి, కుమ్మరి రాగలిగారంటే, మన కాలపు స్తోత్రంలోకి గనికార్మికుడు, మేస్త్రి రావడానికి రూపం అడ్డం కాదు. అడ్డం వచ్చింది సందర్భం. ఉద్యమం అన్ని వర్గాలనూ ఒక తల్లి బిడ్డలుగా నిలబెట్టాలనుకున్నది. ఆ ఐక్యత కోసం వర్గభేదాన్ని పాట పలకకుండా వదిలింది. ఇది అందెశ్రీ ఒక్కడి బలహీనత కాదు, ఆ ఉద్యమపు స్వభావం అతని పాటలో ప్రతిబింబించింది. భూస్వామి కొడుకూ పాలేరు కొడుకూ ఒకే గొంతుతో పాడటానికి ఆ పాట పనికొచ్చింది. ఆ పనికి కావలసినంత గొప్పగా ఉంది. రాష్ట్రం వచ్చిన మరునాడు ఆ ఇద్దరూ ఎవరి ఇంటికి వాళ్ళు వెళ్ళారన్నది వేరే పాట. దాన్ని ఇంకా ఎవరో రాయాలి.

ఈ సందర్భంలో ఇంకొక విషయం ప్రస్తావించకుండా ఉండలేను. రేబర్తి ఉన్నది మద్దూరు మండలంలో. 1948 ఆగస్టు 27న రజాకార్ల దాడిని బురుజు మీది నుంచి ఎదుర్కొని నెత్తురోడిన బైరాన్‌పల్లి కూడా ఆ మండలంలోని ఊరే, ఈ మధ్య కొత్తగా ఏర్పడిన దూల్మిట్ట మండలంలోకి మారింది. 1946 జూలై 4న దొడ్డి కొమురయ్య ఒరిగిన కడవెండి ఆ జనగామ తాలూకాలోదే. అందెశ్రీ పుట్టేనాటికి ఆ సాయుధ పోరాటం ముగిసి పదేళ్ళు. అంటే అతను పెరిగిన ఊళ్ళలో దాన్ని కళ్ళారా చూసినవాళ్ళు నడివయసులో ఉన్నారు. యాదగిరి పాట, సుద్దాల హనుమంతు పాట ఆ నోళ్ళలో ఇంకా తడి ఆరలేదు. ఆ పాటలో శత్రువుకు పేరుంది, గడీ ఉంది, ఊరుంది. ఆ సంప్రదాయం పక్కనే పెరిగిన కవి తన ప్రసిద్ధమైన పాటల్లో శత్రువుకు పేరు పెట్టకుండా తత్వం వైపు ఎందుకు మొగ్గాడు? అనాథగా, పశులకాపరిగా తిరిగిన పిల్లవాడికి ఉద్యమం కంటే భజన మండలి దగ్గరగా ఉండటమా? పోరాటం ఆగిపోయిన తరువాతి ఊళ్ళ నిశ్శబ్దమా? ఇది ఒక మంచి పరిశోధనకు వస్తువు.

2016 అక్టోబరు 11న జిల్లాలను విడగొట్టినప్పుడు వరంగల్ జిల్లాలోంచి జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వేరువేరు జిల్లాలయ్యాయి. రేబర్తి మాత్రం మద్దూరుతో పాటు సిద్దిపేటకు పోయింది. మా జనగామ కవి అని ఒకరు, మా సిద్దిపేట కవి అని ఇంకొకరు సభలు పెట్టుకోవచ్చు, అభ్యంతరం లేదు. సభల మధ్య చేయవలసిన పని మిగిలే ఉంది. అందెశ్రీ పాటలు పాడుతూ కట్టినవి. ఒక పాట సభలో ఒకలా, క్యాసెట్లో ఒకలా, సినిమాలో ఇంకొకలా ఉంటుంది. ఏ మాట ఎప్పుడు మారింది, ఏ చరణం ఎక్కడ జారిపోయింది, ఎవరి ముందు పాడినప్పుడు ఏ చరణం తప్పక పాడాడు అన్నవి పాడినవాళ్ళు, విన్నవాళ్ళు బతికుండగానే సేకరించాలి. ముఖ్యంగా ఆ ఊరవతలి చరణం. దాన్ని వదిలేసి పాడే సభలు ఉన్నాయో లేదో, ఉంటే అవి ఎవరి సభలో, ముందు అది తెలుసుకోవాలి.